తాగనివాడి తాగుడు

"పడుకున్న మనిషికి కోడ్ వేయడం కుదరదు తల్లీ. లేపి కూర్చోబెట్టు," అన్నాడు డాక్టర్ అక్మత్, రొట్టెముక్కను మీగడలో ముంచుకుంటూ.

బురుల్ కదల్లేదు. టీ కెటిల్ చేత్తో పట్టుకుని పొయ్యి పక్కన అలాగే నిలబడింది.

"వినబడలేదా? నిన్నే," అన్నాడు బావగారు.

"వినబడింది బావగారూ."

"మరి?"

మరి ఏమిటి, మీ తలకాయ! అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి భర్త అన్నగారి పేరు కూడా నోట పలకని కోడలామె. ఆ ఊళ్లో కోడళ్లెవరూ పలకరు. ఊరంతా తురాత్, తురాత్ అని పిలిచే మనిషి ఆమెకు మాత్రం బావగారు. పేరే పలకకూడని మనిషితో తలకాయ గురించి ఏం మాట్లాడుతుంది?

తురాత్ తెల్లారకముందే బిష్కెక్‌లో బయలుదేరి, డాక్టరును కారులో ఎక్కించుకుని, కనుమ దాటి వచ్చాడు. గుమ్మానికెదురుగా పెద్దల చోట కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. కారు తాళాలు జామ్ గిన్నె పక్కన పెట్టాడు. ఆయన పక్కన డాక్టరు, డాక్టరు పక్కన తోలుపెట్టె. సూది ఆ పెట్టెలో ఉంది. తాగుబోతుకు ఆ సూది పొడిచి, 'ఇకమీదట చుక్క ముట్టావంటే గుండె ఆగి చస్తావు' అని గట్టిగా చెబుతారు. దాన్నే కోడ్ వేయడం అంటారు. సూదిలో ఏముంటుందో దేవుడికే తెలియాలి. చస్తామన్న భయంతో చాలామంది మానేస్తారు.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఆమె మొగుడు ఎసెన్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క తాగలేదు.

ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఎసెన్, బురుల్. ఎసెన్ పెళ్లి విందుల్లో తమదా. మైకు పట్టుకుని వియ్యంకుల్ని ఆటపట్టించి, మూతి ముడుచుకున్న ముసలాళ్ల చేత కూడా పాడించి, మాటిమాటికీ అందరి చేతా గ్లాసులెత్తించడం అతని పని. అందరితో పాటు తనూ ఎత్తాలి, ఎత్తింది ఖాళీ చేయాలి. అందుకని అతని సంచీలో సొంత బ్రాందీ సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. దాని నిండా చల్లార్చిన టీ.

"నిజంగా తాగానంటే నా జోకులు నేనే మర్చిపోతానే. తాగనని చెప్పానా, నన్నెవడూ పిలవడు," అని నవ్వేవాడు బురుల్ దగ్గర.

అంత నవ్వే మనిషి, ఆలుగడ్డలు తవ్వే రోజుల నుంచి మంచం దిగడం మానేశాడు. తిండి సహించదు. నిద్ర పట్టదు. పలకరిస్తే గోడకేసి చూస్తాడు. ఏమిటయ్యా నీ బాధ అంటే, ఏమీ లేదంటాడు. ఏమీ లేకపోవడమే తన బాధట!

ఆ రోజుల్లోనే పక్కవీధి ఆసన్ కొడుకు పెళ్లికి తమదాను మాట్లాడుకుందామని గుమ్మంలోకి వచ్చాడు. ఎసెన్ దుప్పటి ముసుగు తీయలేదు. ఏం చెప్పాలో తోచక బురుల్ అనేసింది. "తాగి పడుకున్నాడన్నా. లేచే స్థితిలో లేడు."

ఆసన్ రవ్వంత నొచ్చుకోలేదు. "పాపం, అన్ని పెళ్లిళ్లు, అన్ని గ్లాసులు! పడుకోనీ, పడుకోనీ," అని వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా ఆయన భార్య జాడీ నిండా పుల్లమజ్జిగ పంపింది, నిషా దిగడానికి. మర్నాడు ఇంకెవరో క్యాబేజీ ఊరగాయ నీళ్లు పంపారు. ఆ మర్నాడు పులియబెట్టిన గుర్రప్పాలు. కిటికీ గట్టు మీద జాడీలు పెట్టడానికి చోటు చాలలేదు.

నిజం చెప్పి ఉంటే ఒక్క జాడీ వచ్చేదా? మయ్‌రామ్ సంగతి ఊరు మర్చిపోయిందా? బళ్లో లెక్కలు చెప్పే మయ్‌రామ్ కొన్నాళ్లు నరాల ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ఆమె ఎదురొస్తుంటే తల్లులు పిల్లల్ని రెక్క పట్టుకుని అవతలికి లాగేవాళ్లు. ఇప్పటికీ ఆమె పేరెత్తితే కణత దగ్గర వేలు గిర్రున తిప్పుతారు.

అందుకే బురుల్ అబద్ధమాడింది. ఆ అబద్ధం ఇప్పుడు కారెక్కి, డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చి, తన ఇంట్లోనే కూర్చుని తన మీగడే తింటోంది.

"అది లేపదురా," అంది అత్త జీపార్, కొడుకు గిన్నెలోకి నూనెలో వేగిన బొర్సోక్ రొట్టెముక్కలు తోస్తూ. "మొగుణ్ణి అదుపులో పెట్టుకోవడమే చేతకాలేదు, లేపడం మాత్రం చేతనవుతుందా? పెళ్లి పెళ్లికీ వెనకే వెళ్లి గ్లాసు లాక్కోవద్దూ ఆడది అన్నాక?"

"లాక్కుంటే ఇంకోసారి ఎవరు పిలుస్తారత్తయ్యా? ఇంట్లో ఏం వండుకోను?"

"చూశావా, నోరు! నోటికేం తక్కువ లేదు."

"అమ్మా, ఊరుకో," అన్నాడు తురాత్. ఆయన గొంతులో కోపం కంటే దిగులెక్కువగా ఉంది. అదే బురుల్‌ను ఇంకా ఇబ్బంది పెట్టింది. "వాడి తప్పూ కాదు, నీ తప్పూ కాదు బురుల్. మా నాన్న రక్తం అది. నేను బళ్లో చదివేటప్పుడు చూశాను. పొద్దున్నే లేచేసరికి గుమ్మం పక్కన ఖాళీ సీసాలు వరసగా ఉండేవి. ఆ తాగుడుతోనే ఏట్లో పడి పోయాడు. తమ్ముణ్ణి కూడా అలా పోనిస్తానా? అందుకే నేను చుక్క ముట్టకుండానే ఏటేటా కోడ్ వేయించుకుంటున్నాను."

"ఏటేటా వస్తారు," అన్నాడు డాక్టర్ అక్మత్, తన గుర్రం పందెం గెలిచినంత గర్వంగా.

"తాగని మనిషికి కోడ్ ఎందుకు బావగారూ?"

"ముందుజాగ్రత్త!"

అత్త తలొంచుకుని టీ గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చుంది. అందులో పంచదార వేసుకోలేదన్న సంగతి కూడా ఆవిడ గమనించలేదు.

బురుల్ కిటికీలోంచి ఎండను చూసింది. నుర్జమాల్ డాక్టరమ్మ, మనసు జబ్బులు చూసే ఆవిడ, నెలకోసారే జిల్లా ఆసుపత్రికి వస్తుంది. ఇవాళ సాయంత్రం దాకా ఉంటుంది. నిన్న బతిమాలగా బతిమాలగా ఎసెన్ తల ఊపాడు. ఊపాడో, దిండు సర్దుకున్నాడో! ఊపాడనే అనుకుని బురుల్ పక్కింటివాళ్ల కారు మాట్లాడుకుంది. ఆ కారు వాకిట్లోకి రాగానే తురాత్ వెనక్కి పంపేశాడు. "నేనుండగా పరాయి కారెందుకు?" అన్నాడే గాని, ఎక్కడికి బయలుదేరారని మాటవరసకైనా అడగలేదు.

వచ్చే నెల దాకా ఆగొచ్చు కదా అంటే, ఆగడానికి లేదు. కిందటి వారం ఎసెన్ ఒక మాటన్నాడు. "నేను లేకపోతే మీకందరికీ హాయిగా ఉంటుంది బురుల్." ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. రేపు మంచు పడుతుందని చెబుతున్నట్టు మామూలుగా అన్నాడు. మర్నాడే ఆమె వేట తుపాకీని తన తమ్ముడి చేతికిచ్చి పుట్టింటికి పంపేసింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కెటిల్ పొయ్యి మీద పెట్టి వెనక గదిలోకి వెళ్లింది.

ఎసెన్ మేలుకునే ఉన్నాడు. గోడ తివాచీ మీది ఎర్రపువ్వు అంచును వేలితో రాస్తున్నాడు. ఆ పువ్వు దగ్గర నూలు అప్పటికే లేచిపోయింది.

"అంతా విన్నావుగా," అంది బురుల్ గొంతు తగ్గించి.

"విన్నాను."

"నేను పోయి నిజం చెప్పేస్తాను. తాగుడూ లేదు, గీగుడూ లేదు, మనిషికి మనసు బాగాలేదు, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లండి అంటాను."

"చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"సూదే కదా. వేయనీ. ఒక్క పోటుతో అయిపోతుంది."

"ఏమయిపోతుంది? నీ రోగం ఒకటి, వాళ్లు పొడిచే సూది ఇంకొకటి! కాలు విరిగితే పన్ను పీకించుకుంటారా ఎక్కడన్నా?"

ఎసెన్ ఇటు తిరిగాడు. మొహం సగమైపోయింది. "తాగుబోతంటే జనం నవ్వుతారు బురుల్. మానేశాడంటే భుజం తట్టి మళ్లీ పిలుస్తారు. పిచ్చోడంటే? కొత్త పెళ్లికూతురి పక్కన పిచ్చోణ్ణి ఎవరు నిలబెట్టుకుంటారు? నా చేత దీవెన ఎవరు చెప్పిస్తారు?"

"ఇప్పుడెవరికి చెబుతున్నావు దీవెనలు? గోడకా?"

అన్న వెంటనే నాలుక కరుచుకుంది. ఎసెన్ వేలు మళ్లీ తివాచీ పువ్వు మీదికి పోయింది. ఏమన్నా అంటే బాగుండుననిపించింది ఆమెకు. పూర్వం ఇలాంటి మాటకు పది మాటలు తిప్పికొట్టేవాడు. ఇద్దరూ పోట్లాడుకుని, చివరికి నవ్వుకుని పడుకునేవాళ్లు. ఇప్పుడు పోట్లాటకు కూడా ఆమె ఒక్కతే మిగిలింది.

"నిన్న తల ఊపావు. వస్తానన్నావు," అంది.

"నువ్వు ఏడుస్తున్నావని ఊపాను."

ఒళ్లు మండిపోయింది బురుల్‌కు. "ఓహో! అయితే నువ్వు నడవాలంటే నేను రోజూ ఏడవాలన్నమాట. చెప్పు, ఏడుస్తాను! ఆవు పాలు పితుకుతూ ఏడుస్తాను, పొయ్యిలో పిడకలు పెడుతూ ఏడుస్తాను. ఇంట్లో నీ వంతు ఏడుపు, నా వంతు ఏడుపు, మీ అమ్మ వంతు తిట్లు. అన్నీ నేనే చూసుకుంటాను!"

"అరవకు. వింటారు."

"విననీ!"

ఎసెన్ మెల్లగా లేచాడు. మంచం అంచున కాసేపు కూర్చుని, కొక్కేనికి వేలాడుతున్న తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా. బొత్తాలు పెట్టుకుంటుంటే అది వదులుగా వేలాడింది.

"ఇవాళ్టికి నన్ను తాగుబోతుగానే ఉండనీ," అన్నాడు. "నీ కాళ్లు పట్టుకుంటాను."

ముందు గదిలోకి అడుగుపెడుతూనే అతని నడుం నిటారుగా అయింది.

"అస్సలాం అలైకుమ్!" అన్నాడు, మైకులో మాట్లాడే గొంతుతో. "ఇంత మంచి విందు పెట్టి నాకు కబురు చేయలేదేం? తమదా లేకుండానే మొదలెట్టారా?"

అత్త చేతిలోని రొట్టె జారిపోయింది. వారాల తర్వాత ఆ ఇంట్లో ఆ గొంతు వినబడింది. తురాత్ లేచి తమ్ముణ్ణి కావలించుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

డాక్టర్ అక్మత్ మూతి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకున్నాడు. "కొన్ని ప్రశ్నలు అడగాలి. నిజాయితీగా చెప్పాలి. ఎన్నాళ్లుగా తాగుతున్నారు?"

"ఇవాళ్టి సంగతా, మొత్తం మీదనా?"

తురాత్‌కు నవ్వు ఆగలేదు. డాక్టరు కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

"మొదటి గ్లాసు ఎప్పుడు పట్టారు?"

"నా పెళ్లిలో. మా ఆవిడ ముసుగు తీసి మొహం చూపించారు చూడండీ, ఆ మరుక్షణంలో."

"చచ్చినోడా!" అని అత్త పడీపడీ నవ్వింది.

"రోజుకెంత తాగుతారు?"

"ఎంతో చెప్పాలంటే, రోజు గుర్తుండాలి కదండీ!"

"మానెయ్యాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"రోజూ పొద్దున్నే మానేస్తాను డాక్టరుగారూ. మానేసినందుకు సాయంత్రం చిన్న విందు చేసుకుంటాను. ఆ విందులో తప్పక..."

తురాత్ తొడ చరుచుకుని నవ్వాడు. అత్త కళ్లనీళ్లు తుడుచుకుంది. "నా బిడ్డ నాకు దక్కాడు. వీడికేమైందే? బంగారంలా ఉన్నాడు. ఊరికే ఇంత గొడవ చేశావు," అంది కోడలితో.

బురుల్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఆమె నిలబడ్డ చోటు నుంచి భోజనాల గుడ్డ కింద ఎసెన్ ఎడమచెయ్యి కనబడుతోంది. ఆ చెయ్యి గుడ్డ అంచును పిడికిట్లో నలిపేస్తోంది. మైకు గొంతు మాత్రం నవ్విస్తోంది. ఇంతమంది కళ్లలో ఒక్క కన్ను కూడా కిందికి చూడదేం! ఇదే మనిషి, ఈ గొంతుతోనే, ఇంకెన్ని రోజులైనా వీళ్లను నవ్వించి పంపేసి, వెనక గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకోగలడు. అలా పడుకుని ఒకరోజు లేవకుండా పోతే, వీళ్లంతా 'నిన్నటిదాకా నవ్వుతూనే ఉన్నాడే' అంటారు.

డాక్టరు పెట్టె తెరిచాడు. సూది బయటపెట్టి, చిన్న గ్లాసులో వోడ్కా పోశాడు. ఖాళీ గిన్నె ఒకటి ఎసెన్ ముందుకు తోశాడు.

"ఇదే చివరి గుక్క. నోట్లో పట్టి, రుచి బాగా తెలిశాక గిన్నెలో ఉమ్మెయ్యండి. ఆ రుచి నాలుక మీదుండగానే సూది వేస్తాను. ఆ తర్వాత జన్మలో దాని జోలికి పోరు."

"అమ్మా, చూడు. ఇదే ఆఖరు," అన్నాడు తురాత్.

ఎసెన్ గ్లాసందుకున్నాడు. పెళ్లిళ్లలో ఎత్తినట్టే పైకెత్తాడు, మోచెయ్యి తిప్పాడు, ఒక్కసారిగా నోట్లో ఒంపుకున్నాడు. అలవాటు కొద్దీ మింగేశాడు.

కళ్లు పెద్దవయ్యాయి. మొహం జేవురించింది. గొంతు పట్టుకుని, దగ్గి, దగ్గి, మెలికలు తిరిగిపోయాడు. ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు. గిన్నెలో కక్కుకుని, ఊపిరి తిరిగాక అనేశాడు.

"అమ్మో! ఇంత మండుతుందా ఇది!"

 కెటిల్ మూత ఒక్కటే టపటపలాడింది.

డాక్టర్ అక్మత్ కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఈయన తాగే మనిషి కాదే!" అన్నాడు.

"నటిస్తున్నాడు," అన్నాడు తురాత్. "సూది తప్పించుకోవడానికి. మీకు తెలీదు, వీడు నటిస్తే..."

ఇక ఆగలేకపోయింది బురుల్. వరండాలోకి పోయి, కొక్కేనికున్న తమదా సంచీ దించి, అందులోని బ్రాందీ సీసా తెచ్చి బావగారి ముందు ఠపీమని పెట్టింది. ఎసెన్ కళ్లతోనే వద్దన్నాడు. ఆమె అటు చూడలేదు.

"ఇదీ మీ తమ్ముడి తాగుడు. పెళ్లిళ్లన్నిటికీ ఇదే సీసా. తాగి చూడండి బావగారూ."

"నాకు కోడ్ ఉంది! చుక్క పడితే చస్తాను," అని తురాత్ అమాంతం వెనక్కి జరిగాడు.

"అయ్యో దేవుడా, దీనికెవరూ చావరు!"

డాక్టరు చెయ్యి చాపాడు. అంతకంటే ముందే అత్త సీసా లాక్కుంది. బిరడా తీసి వాసన చూసింది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకతో అద్దుకుంది.

"టీ," అంది. "బూజు పట్టిన టీ."

ఆవిడ గొంతులో ఆశ్చర్యం లేదు. అది బురుల్‌కు తర్వాత గుర్తొచ్చింది. అప్పటికి మాత్రం తన మాటలే తనకు తొందరగా ఉన్నాయి.

"తాగలేదు. ఎప్పుడూ తాగలేదు. తాగాడని నేనే చెప్పాను, అందరికీ, మీకు కూడా. తప్పు నాదే. తిట్టండి, కొట్టండి, తర్వాత. ఇప్పుడు మాత్రం కారు తీయండి. డాక్టరమ్మ సాయంత్రం దాకానే ఉంటుంది."

"ఏ డాక్టరమ్మ?"

"మనసు జబ్బులు చూసే ఆవిడ."

తురాత్ తమ్ముడి భుజం మీదున్న చెయ్యి తనకు తెలియకుండానే తీసేశాడు. బురుల్ అది చూసింది. ఎసెన్ కూడా చూశాడు.

"మా ఇంట్లో పిచ్చోళ్లు లేరు," అన్నాడు తురాత్.

"పిచ్చని నేననలేదు."

"ఆ డాక్టరు చూసేది పిచ్చోళ్లనే! అక్కడ గుమ్మం తొక్కితే ఆ పేరు పడిపోతుంది. మా ఇంట్లో తాగుబోతులుంటే ఉన్నారేమో గాని పిచ్చోళ్లు లేరు. మా నాన్న తాగి చచ్చాడు, పిచ్చెక్కి చావలేదు!"

"మీ నాన్న తాగలేదురా," అంది అత్త.

ఆవిడ సీసాకు బిరడా బిగిస్తోంది. బిగించినా బిగించినా చెయ్యి ఆగలేదు.

"ఏమన్నావు?"

"తాగలేదు. ఆ చలికాలమంతా అదిగో ఆ గదిలోనే, ఆ గోడవైపే తిరిగి పడుకున్నాడు. ఊళ్లోవాళ్లు అడిగితే ఏం చెప్పను? అప్పట్లో అలాంటివాళ్లను ఆసుపత్రి బండొచ్చి తీసుకుపోయేది. పోయినవాళ్లు మామూలు మనుషులై తిరిగిరావడం నేను చూళ్లేదు. తాగుతున్నాడని చెప్పాను. దుకాణం వెనక ఖాళీ సీసాలు ఏరుకొచ్చి, మీరు లేవకముందే గుమ్మం పక్కన పెట్టేదాన్ని."

"నేను చూశాను ఆ సీసాలు," అన్నాడు తురాత్. గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది.

"నువ్వు చూడాలనే పెట్టాను నాయనా. చూస్తే బళ్లో చెబుతావని."

  డాక్టర్ అక్మత్ చప్పుడు చేయకుండా సూదిని పెట్టెలో పెట్టేసుకున్నాడు. "నేను వాకిట్లో ఉంటాను," అని గొణిగి బయటికి జారుకున్నాడు.

"అమ్మా." ఈసారి మాట్లాడింది ఎసెన్. మైకు గొంతు కాదు. వెనక గది గొంతు. "నాన్నకు నిద్ర పట్టేదా?"

"లేదు."

"తినేవాడా?"

"నోట్లో పెడితే తినేవాడు."

"నీతో ఏమైనా అనేవాడా?"

అత్త సీసా పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఏట్లో పోవడానికి ముందు ఒకసారి అన్నాడు. 'నేను లేకపోతే మీకందరికీ హాయిగా ఉంటుంది జీపార్' అన్నాడు. తాగినవాడి మాటలే అనుకున్నాను." ఆవిడ ఒళ్లోని చేతులకేసి చూసుకుంది. "నేను కల్పించిన తాగుడే అది. అందరికీ చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మాను. కాలు జారిందని ఊరికి చెప్పాను. ఆయనకు మత్తెక్కడిది కాలు జారడానికి?"

బురుల్ పొయ్యి పక్కనే కూలబడింది. ఆమె ఎవరికీ చెప్పని మాట. అక్షరం మారలేదు. తల తిప్పితే ఎసెన్ తనవైపే చూస్తున్నాడు. ఇన్నాళ్లలో అతను ఆమె మొహంలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"నా బూట్లెక్కడ పెట్టావు?" అన్నాడు.

"గుమ్మం దగ్గర. బల్ల కింద."

అతను లేచి, గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా నడిచి, బల్ల మీద కూర్చున్నాడు. అప్పుడే తురాత్‌కు కూడా కదలిక వచ్చింది. జామ్ గిన్నె పక్కనున్న తాళాలు తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. రెండంగల్లో పోయి తలుపుకడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. ఇవాళ విన్నది ఈ గది దాటడానికి వీల్లేదు."

"బావగారూ..."

"అమ్మ ముసలిదైపోయింది, ఏదో వాగుతోంది. ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు సగంమంది మన ఊరివాళ్లే. ఒక్కరు చూశారంటే? రేపటికి బిష్కెక్ దాకా పాకుతుంది. పదిరోజులాగండి. నేనే రాజధానిలో రహస్యంగా ఎవర్నైనా..."

"బావగారూ, తప్పుకోండి."

"నేను నాన్నను తాగుబోతని ఊరంతా చెప్పుకు తిరిగాను బురుల్!" అని అరిచాడు తురాత్. కళ్లలో నీళ్లు తిరిగాయి. "బళ్లో చెప్పాను. నా పిల్లలకు చెప్పాను. ఆయన సమాధి దగ్గర నిలబడి తిట్టాను. ఇప్పుడు ఏం చెయ్యమంటారు నన్ను?"

అతని మీద జాలేసింది. నిజంగానే జాలేసింది. కాని కిటికీ మీది ఎండ అప్పటికే జాడీల వరస దాటి గోడ మీదికి పాకింది. ఈ ఇంట్లో ప్రతివాళ్ల సిగ్గునూ బుజ్జగించి, ప్రతివాళ్ల ఏడుపునూ ఓదార్చి, ఆ తర్వాత జబ్బు మనిషిని చూద్దామంటే ఎన్ని చలికాలాలు కావాలి? బురుల్ గోడ పట్టుకుని పైకి లేచింది.

"తురాత్," అంది.

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెంప మీద కొట్టినట్టు తురాత్ తల వెనక్కి పోయింది. ఆ పేరు ఆ నోట అంత తేలిగ్గా వస్తుందని బురుల్ కూడా అనుకోలేదు.

"తురాత్, కారు తియ్యి."

అతను కదల్లేదు. తాళాలున్న పిడికిలి విప్పలేదు, జేబులోనూ పెట్టుకోలేదు. వాకిట్లో డాక్టరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పుల్లమజ్జిగ జాడీ పట్టుకుని ఆసన్ భార్య వచ్చినట్టుంది. గొంతు దగ్గరవుతోంది.

బల్ల మీద ఎసెన్ ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది చేతిలో పట్టుకుని, తొడుక్కోవాలో వద్దో తెలియక, అన్నకేసి చూస్తూ కూర్చున్నాడు.